ఒక్క కంప్యూటర్, తరగతి నిండా పిల్లలు



పేరెంట్–టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక ఎక్కువగా వినిపించే ప్రశ్నలు రెండు. "బాబుకి ఇప్పుడే లాప్‌టాప్ కొనాలా, సార్?" "పాపని బయట కోడింగ్ క్లాసులో కూడా చేర్పించమంటారా, మేడమ్?" అడిగే గొంతులో కొంచెం భయం కూడా ఉంటుంది. కృత్రిమ మేధ వచ్చేసింది, ఉద్యోగాలు మారిపోతున్నాయి, మన పిల్లలు వెనకబడిపోతారేమో అని.

ఈ ప్రశ్నలూ, ఈ భయమూ మన తరంతో మొదలైనవి కావు. నలభై ఏళ్ల కిందట బ్రిటన్‌లో ఒక దేశానికి దేశమే ఇలాగే కంగారుపడింది. ఇళ్లలో వాడుకోవడానికి వచ్చిన చిన్న కంప్యూటర్లను బడికి పనికొచ్చేలా మార్చుకుని, తరగతి గదుల్లోకి తీసుకెళ్లింది. అందులో ఏది ఫలించిందో, ఏది ఫలించలేదో ఇప్పుడు మనకు తెలుసు. ఈ నెల పాఠం ఆ కథే. చదివాక లాప్‌టాప్ గురించి మీరే ఒక నిర్ణయానికి రావచ్చు.

ఇంటి కంప్యూటర్ అంటే?

1970ల మధ్య వరకు కంప్యూటర్ అంటే పెద్ద సంస్థల్లో, ఏసీ గదుల్లో ఉండే వస్తువు. 1977లో అమెరికాలో యాపిల్ టూ, కమొడోర్ పెట్, టీఆర్‌ఎస్ 80 అనే మూడు యంత్రాలు ఒకే ఏడాది మార్కెట్‌లోకి వచ్చాయి. బల్లమీద పట్టేవి, మామూలు కుటుంబం కొనుక్కోగలిగేవి. బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1981లో జెడ్‌ఎక్స్ 81 అనే యంత్రాన్ని 70 పౌండ్లకే అమ్మింది.

ఖర్చు తగ్గించడానికి వీటిలో చాలావాటికి ఒక చక్కటి ఉపాయం వాడారు. ప్రత్యేకమైన తెర అక్కర్లేదు, ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవచ్చు. డిస్క్ డ్రైవ్ అక్కర్లేదు, పాటలు వినే టేప్‌రికార్డర్‌లోని క్యాసెట్ మీదే ప్రోగ్రామ్‌ను దాచుకోవచ్చు. స్విచ్ వేయగానే తెరమీద ఖాళీగా ఒక చుక్కలాంటి గుర్తు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఐకాన్లు లేవు, యాప్‌లు లేవు. ఏదైనా జరగాలంటే మనమే ఆజ్ఞ రాయాలి. అప్పటి పిల్లలు మొట్టమొదట రాసే ప్రోగ్రామ్ రెండే వరుసలు:

10 ప్రింట్ "సీత"
20 గోటూ 10

మొదటి వరుస పేరు రాయమంటుంది. రెండో వరుస మళ్లీ పదో నంబరుకే వెళ్లమంటుంది. అంతే, ఆపేదాకా తెర నిండా "సీత, సీత, సీత". పేరు మార్చి ఇంకొకరు, ఆ పేరు పక్కన ఒక తమాషా మాట చేర్చి మరొకరు. యంత్రం మనం చెప్పింది చేస్తుంది, చెప్పిందే చేస్తుంది అనే సంగతి పిల్లలకు ఆ రెండు వరుసల్లోనే అర్థమయ్యేది.

కంగారుతో మొదలైన చదువు

1978లో బీబీసీ టెలివిజన్ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. మైక్రోప్రాసెసర్ అనే చిన్న చిప్ వల్ల ఎన్ని పనులు యంత్రాల పాలవుతాయో, ఎవరి ఉద్యోగాలు పోతాయో అందులో చూపించారు. దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చ నుంచే బీబీసీ వాళ్ల కంప్యూటర్ అక్షరాస్యత ప్రాజెక్టు పుట్టింది. ఆలోచన సూటిగా ఉంది. టీవీలో పాఠాలు చెప్పాలి, దానికి తోడుగా పుస్తకం ఇవ్వాలి, ఆ పాఠాలు చేసి చూసుకోవడానికి ఒక కంప్యూటర్ కూడా ఉండాలి.

ఆ కంప్యూటర్ తయారుచేసే అవకాశం కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీకి దక్కింది. దక్కిన తీరు కూడా సరదాగా ఉంటుంది. బీబీసీ వాళ్లు శుక్రవారం వస్తున్నారు, నమూనా చూపించాలి. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన హెర్మన్ హౌజర్ తన ఇంజినీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లలో ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, "వారంలో అవుతుందని అవతలివాళ్లు ఒప్పేసుకున్నారు" అన్నాడు. నిజానికి అప్పటికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. ఇద్దరూ పనిలో దిగారు, శుక్రవారం ఉదయానికి నమూనా పనిచేసింది.

అలా 1981 డిసెంబరులో బీబీసీ మైక్రో వచ్చింది. 1982 జనవరిలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. 12 వేల యంత్రాలు అమ్ముడైతే గొప్ప అనుకున్నారు. చివరికి 15 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ప్రభుత్వం కూడా ముందుకొచ్చింది. ప్రతి సెకండరీ పాఠశాల ఒక కంప్యూటర్ కొనుక్కోవడానికి సగం ఖర్చు తాను భరించింది. తర్వాత ప్రాథమిక పాఠశాలలకూ ఇదే సాయం అందింది. మిగతా సగం కోసం కొన్నిచోట్ల తల్లిదండ్రులే చందాలు వేసుకున్నారు. లెక్క గమనించండి. పిల్లాడికి ఒకటి కాదు, తరగతికి ఒకటి కూడా కాదు. మొదట్లో బడి మొత్తానికి ఒకటి.

బడికి తగ్గట్టు ఏం మార్చారు?

ఇంట్లో బాగా నడిచే వస్తువు బడిలో నడవాలని లేదు. మీ ఇంటి మిక్సీని పెళ్లి వంటలో పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇంటి కంప్యూటర్‌కూ అదే ఇబ్బంది. ఒక్కొక్క ఇబ్బందికీ ఏం పరిష్కారం ఆలోచించారో చూడండి.

మొదటిది, మోటుతనం తట్టుకోవడం. చౌక యంత్రాల్లో కీబోర్డు రబ్బరు బొత్తాలతోనో, నున్నటి రేకుతోనో ఉండేది. రోజుకు అయిదారు తరగతుల పిల్లలు కొడితే నిలవదు. బీబీసీ మైక్రోకు టైప్‌రైటర్ లాంటి గట్టి కీబోర్డు, దిట్టమైన పెట్టె ఇచ్చారు.

రెండోది, చిలిపితనం తట్టుకోవడం. కీబోర్డు మీద బ్రేక్ అనే బొత్తాం ఉండేది. పక్కవాడు దాన్ని నొక్కి పారిపోతే కష్టపడి టైపు చేసిన ప్రోగ్రామ్ మాయం. అయితే వెంటనే ఓల్డ్ అనే ఆజ్ఞ ఇస్తే పోయిన ప్రోగ్రామ్ తిరిగి వచ్చేది. చిన్న ఏర్పాటే, కానీ తరగతి గదిలో ఎన్ని కన్నీళ్లు ఆపి ఉంటుందో ఊహించండి.

మూడోది, సమయం. క్యాసెట్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కాలంటే సెకనుకు సుమారు 120 అక్షరాల వేగం. 20 వేల అక్షరాల ప్రోగ్రామ్‌కు మూడు నిమిషాల దాకా పడుతుంది. మధ్యలో టేపు గీరుకుంటే మళ్లీ మొదటికి. ఇంట్లో ఆదివారం పూట ఇది ఫర్వాలేదు, ముప్పై అయిదు నిమిషాల పీరియడ్‌లో కుదరదు. అందుకే ఏకార్న్ కంపెనీ ఎకోనెట్ అనే నెట్‌వర్క్ ఇచ్చింది. గదిలోని యంత్రాలన్నిటినీ తీగతో కలిపి, ఒకే డిస్క్ నుంచి అందరికీ ప్రోగ్రామ్ పంపవచ్చు. ఒకే ప్రింటర్‌ను అందరూ పంచుకోవచ్చు. ఈ రోజు మన ల్యాబ్‌లో మామూలుగా జరిగే పనే, కానీ చౌక ఇంటి కంప్యూటర్లతో అప్పుడే చేశారు.

నాలుగోది, బయటి ప్రపంచంతో సంబంధం. యంత్రం వెనక, కింద వరుసగా ఎన్నో సాకెట్లు ఉండేవి. ఒకదానికి ఉష్ణోగ్రతను కొలిచే పరికరం తగిలిస్తే, వేడినీళ్లు ఎలా చల్లారుతున్నాయో తెరమీద గీతగా కనిపిస్తుంది. ఇంకోదానికి చిన్న మోటారు, బల్బు తగిలించి ప్రోగ్రామ్‌తో నడిపించవచ్చు. దీంతో కంప్యూటర్ లెక్కల టీచర్ చేతిలోంచి సైన్స్ ల్యాబ్‌లోకి కూడా వెళ్లింది.

అయిదోది, చిన్నపిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. వాళ్లకు అన్ని బొత్తాలతో పని ఉండదు. వాళ్ల కోసం కాన్సెప్ట్ కీబోర్డు అనే పలక వచ్చింది. దానిమీద టీచర్ తనకు కావలసిన బొమ్మల కాగితం పరిచి, ఏ బొమ్మ తాకితే ఏ మాట రావాలో నిర్ణయించవచ్చు.

ఇవన్నీ యంత్రంలో మార్పులు. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు యంత్రం బయట జరిగింది. 1980 నుంచి 1986 దాకా బ్రిటన్ ప్రభుత్వం మైక్రోఎలక్ట్రానిక్స్ విద్యా కార్యక్రమం పేరుతో టీచర్లకు శిక్షణ ఇచ్చింది, పాఠాలకు తగిన ప్రోగ్రామ్‌లు తయారు చేయించింది. యంత్రాలకు ఒక ఖర్చు, వాటిని నడిపించే మనుషులకు మరో ఖర్చు. రెండో ఖర్చు లేకపోతే మొదటిది అటకెక్కుతుందని వాళ్లు ముందే ఊహించారు.

ఒక్కటే ఉండటం వల్ల కలిగిన మేలు

తరగతి నిండా పిల్లలు, ఒక్క కంప్యూటర్. ఎలా నడిపారు? ముగ్గురేసి, నలుగురేసి జట్లు కట్టారు. ఒకరు టైపు చేస్తారు, ఒకరు తెర చదువుతారు, ఒకరు కాగితం మీద రాసుకుంటారు. వంతు వచ్చేలోపు మిగతా జట్లు తమ వంతులో ఏం చేయాలో చర్చించుకుంటాయి.

1983లో వచ్చిన "గ్రానీస్ గార్డెన్" అనే ఆట బ్రిటన్ ప్రాథమిక పాఠశాలల్లో చదివినవారికి ఇప్పటికీ గుర్తే. మంత్రగత్తె చెరలో ఉన్న రాజుగారి పిల్లలను చిక్కుప్రశ్నలు విప్పుతూ కాపాడాలి. తెరమీద ఆట కొద్దిసేపే. తర్వాత పిల్లలు పటాలు గీసేవారు, కథ రాసేవారు, నిన్న ఏ దారిలో వెళ్లి దెబ్బతిన్నామో నోటుపుస్తకంలో చూసుకునేవారు. అమెరికాలోనూ ఇదే అనుభవం. మిన్నెసోటా రాష్ట్రంలో 1971లో ముగ్గురు ఉపాధ్యాయ విద్యార్థులు చరిత్ర పాఠం కోసం "ఆరెగాన్ ట్రెయిల్" అనే ఆట తయారుచేశారు. తర్వాత ఆ రాష్ట్ర విద్యా కంప్యూటింగ్ సంస్థ దాన్ని యాపిల్ టూ మీదకు తెచ్చి బడులకు అందించింది.

ఇక్కడ మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది. యంత్రం తక్కువగా ఉండటం వల్ల మాట ఎక్కువైంది. పిల్లలు తమ ఆలోచనను పక్కవాళ్లకు వివరించాల్సి వచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకే లాప్‌టాప్ ఉంటే, అది లోటని మాత్రమే అనుకోకండి.

32 కేబీలో సంసారం

బీబీసీ మైక్రో మోడల్ బి మెమరీ 32 కేబీ, అంటే 32,768 ఇంగ్లిష్ అక్షరాలు పట్టేంత. మీరు వాట్సాప్‌లో పంపే ఒక ఫొటో మూడు ఎంబీ ఉందనుకుంటే, దాన్ని పెట్టుకోవడానికి సుమారు వంద బీబీసీ మైక్రోలు కావాలి. మీ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే, అది ఆ యంత్రానికి 2,62,144 రెట్లు. ఈ లెక్క మీ పిల్లలతో చేయించి చూడండి, ఏడో తరగతి పిల్లలకు చక్కటి అభ్యాసం.

ఆ కాస్త మెమరీలోనే తెరమీద బొమ్మకూ, ప్రోగ్రామ్‌కూ వాటా పంచాలి. రంగురంగుల బొమ్మలు కావాలంటే తెరకే 20 కేబీ పోతుంది. ప్రోగ్రామ్‌కు, యంత్రం సొంత అవసరాలకు కలిపి మిగిలేది 12 కేబీ. అక్షరాలు చాలనుకుంటే తెరకు ఒక్క కేబీ సరిపోతుంది, మిగతాదాంట్లో పెద్ద ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. నెల జీతంలో అద్దెకెంత, చదువులకెంత అని మనం లెక్కేసుకున్నట్టే పిల్లలు కేబీలు లెక్కేసుకునేవారు. ఏది కావాలి, ఏది వదులుకోవాలి అని తేల్చుకోవడం ఇంజినీరింగ్‌లో మొదటి పాఠం. పెద్ద యంత్రం దాన్ని దానంతట అది నేర్పదు.

ఈ పొదుపు ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. అదే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తర్వాత ఒక కొత్త ప్రాసెసర్ రూపొందించారు. దాని ఆజ్ఞలు సరిగా పనిచేస్తాయో లేదో ముందుగా బీబీసీ మైక్రో మీదే, బీబీసీ బేసిక్‌లో రాసి పరీక్షించుకున్నారు. 1985 ఏప్రిల్ 26న ఆ చిప్ మొదటిసారి పనిచేసింది. దాని పేరు ఆర్మ్. ఈ రోజు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే.

తాబేలు చెప్పిన రేఖాగణితం

ఆ రోజుల్లో బడి కంప్యూటర్లతో పిల్లలు చేసిన పనుల్లో నేటికీ పనికొచ్చేది లోగో. 1967లో అమెరికాలో సేమూర్ పేపర్ట్, వాలీ ఫాయర్‌జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష ఇది. తెరమీద ఒక తాబేలు ఉంటుంది. కొన్ని బడుల్లో నేలమీద పాకే నిజమైన రోబో తాబేలు, దాని కింద ఒక పెన్ను ఉండేవి. దానికి తెలిసినవి కొద్ది మాటలే. ముందుకు ఇంత, కుడికి ఇంత, ఎడమకు ఇంత.

చతురస్రం గీయాలంటే "ముందుకు 50, కుడికి 90" అని నాలుగుసార్లు చెప్పాలి. ఇది తేలిక. ఇప్పుడు మూడు భుజాలూ సమానంగా ఉన్న త్రిభుజం. అందులో ప్రతి కోణం 60 డిగ్రీలని పిల్లలకు తెలుసు. కాబట్టి "ముందుకు 50, కుడికి 60" అని మూడుసార్లు చెబుతారు. త్రిభుజం రాదు! గిన్నెలాంటి సగం ఆకారం వస్తుంది. ఎందుకు? తాబేలు భుజం చివరకు వచ్చి నిలబడినప్పుడు దాని ముఖం నేరుగా ముందుకు ఉంది. అది తిరగాల్సింది త్రిభుజం లోపలి కోణం కాదు, బయటి కోణం. 180 నుంచి 60 తీసేస్తే 120. "కుడికి 120" అంటే త్రిభుజం వస్తుంది.

ఇంకొంచెం ఆడితే పిల్లలకే ఒక సూత్రం దొరుకుతుంది. ఏ ఆకారమైనా చుట్టి వచ్చి మొదలుపెట్టిన చోటే, మొదట్లో ఉన్న దిక్కుకే నిలబడితే తాబేలు మొత్తం 360 డిగ్రీలు తిరిగినట్టు. కాబట్టి షడ్భుజికి 60, అష్టభుజికి 45. అయిదు కొనల నక్షత్రానికి మాత్రం ప్రతిసారీ 144. అయిదుసార్లు తిరిగితే 720, అంటే తాబేలు రెండు చుట్లు తిరిగింది.

పేపర్ట్ 1980లో ప్రచురించిన "మైండ్‌స్టార్మ్స్" పుస్తకంలో చెప్పింది ఇదే. తప్పు వచ్చినప్పుడు "నాకు రాదు" అని పుస్తకం మూసేయకుండా, "ఎక్కడ తేడా వచ్చింది?" అని వెతకడం పిల్లలకు అలవాటవ్వాలి. కంప్యూటర్ కొట్టదు, తిట్టదు, నలుగురిలో పరువు తీయదు. తప్పు సరిచేసుకునేదాకా ఓపిగ్గా చెప్పింది చేస్తూ ఉంటుంది. నేటి పిల్లలు వాడే స్క్రాచ్ కూడా ఈ లోగో సంప్రదాయం నుంచి వచ్చిందే.

మన దేశానికి వచ్చిన బీబీసీ మైక్రోలు

ఈ కథకు మన దేశంతో కూడా సంబంధం ఉంది. 1984–85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అనే పేరుకు అది పొట్టి రూపం. మొదట 248 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వెళ్లాయి. తర్వాత కొన్నేళ్లలో ఈ సంఖ్య 2,598కి చేరింది. పంజాబ్‌లోని మొహాలీలో ఉన్న ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఈ యంత్రాలను మన దేశంలోనే కూర్చే పని చేపట్టింది.

మీలో 80ల చివర్లోనో, 90లలోనో హైస్కూలు చదివినవారికి కంప్యూటర్ గది జ్ఞాపకం ఉండే ఉంటుంది. చెప్పులు బయట విడవాలి, దుమ్ము పడకుండా యంత్రానికి గుడ్డ కప్పాలి, సార్ తాళం తీస్తేనే లోపలికి. దేవుడి గదికి ఉన్నన్ని నియమాలు. యంత్రానికి అంత భద్రత కల్పించిన చోట పిల్లల వేలు దానిమీద పడే సమయం తగ్గిపోయింది. దానికి తోడు మరికొన్ని ఇబ్బందులు. కరెంటు కోతలు, చెడిపోతే బాగుచేసేవాళ్లు దొరక్కపోవడం, సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌లో ఉండటం, తర్ఫీదు పొందిన టీచర్ బదిలీ అయిపోతే ఆ స్థానంలో ఇంకొకరు లేకపోవడం.

యంత్రం అదే. బ్రిటన్‌లో దాని చుట్టూ టీవీ పాఠాలు, పుస్తకాలు, శిక్షణ పొందిన టీచర్లు, ఇంట్లో అలాంటిదే మరో యంత్రం ఉన్నాయి. ఇక్కడ చాలా బడుల్లో యంత్రం ఒంటరిగా వచ్చింది. ఇది కేవలం ప్రభుత్వ బడుల గురించిన సంగతి అనుకోవద్దు. ఫీజులు తీసుకునే మనలాంటి పాఠశాలలకూ, ఇంట్లో ఖరీదైన లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులకూ ఇదే కొలమానం వర్తిస్తుంది. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయని మమ్మల్ని అడగండి. దానికంటే ముందు, వారంలో మీ పాప ఎన్ని నిమిషాలు స్వయంగా కీబోర్డు ముందు కూర్చుంటోందో, ఈ ఏడాది తను సొంతంగా ఏం తయారుచేసిందో అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

కంప్యూటర్ ఎవరి గదిలో ఉంది?

ఇంటి కంప్యూటర్ల కథలో ఒక చేదు అధ్యాయం కూడా ఉంది. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకునేవారిలో అమ్మాయిలు సుమారు 37 శాతం. ఆ తర్వాత పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన కాలమే అది.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ దీనిపై పరిశోధించి 2002లో పుస్తకం ప్రచురించారు. విద్యార్థులతో మాట్లాడితే తేలిన విషయాల్లో ఒకటి, ఇంట్లో కంప్యూటర్ తరచుగా అబ్బాయి గదిలో ఉండేది. తండ్రీకొడుకులు కలిసి దాంతో కుస్తీ పట్టేవారు. అమ్మాయి పక్కన నిలబడి చూసేది. కాలేజీలో చేరేనాటికి అబ్బాయిలకు ఏళ్ల అనుభవం, అమ్మాయిలకు "ఇది మనకు రాదేమో" అనే సందేహం. ఆ విశ్వవిద్యాలయం బోధన పద్ధతులు, ప్రవేశాల తీరు మార్చుకున్నాక, అక్కడి కంప్యూటర్ సైన్స్‌లో చేరే అమ్మాయిలు 1995లో 7 శాతం నుంచి 2000 నాటికి 42 శాతానికి పెరిగారు. అంటే తెలివిలో లోపం ఎప్పుడూ లేదు, వాళ్లకు దొరికిన చోటులోనే లోపం.

మన ఇళ్ల సంగతి ఒకసారి ఆలోచించండి. వైఫై పనిచేయకపోతే ఎవరిని పిలుస్తాం? "నాన్నా, ఇలా రా, ఈ ప్రింటర్ చూడు" అని బాబునా? "అమ్మా, నువ్వు చూడు" అని పాపనా? ఈ వారం పాపని పిలిచి చూడండి. మెల్లగా చేసినా మధ్యలో అందుకోకండి.

తెరుచుకోని డిస్కులు

1986లో బీబీసీ మరో పెద్ద పని చేసింది. 900 ఏళ్ల కిందట, 1086లో ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల సర్వే గ్రంథం పేరు డూమ్స్‌డే బుక్. దాని స్మారకంగా దేశమంతా పాఠశాల పిల్లలు తమ ఊళ్ల గురించి రాశారు, ఫొటోలు తీశారు. అదంతా లేజర్ డిస్కుల మీద భద్రపరిచి, బడి కంప్యూటర్ కుటుంబానికే చెందిన బీబీసీ మాస్టర్‌తో చదివేలా చేశారు.

పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలే దాదాపు కనుమరుగయ్యాయి. నిపుణులు ప్రత్యేకంగా శ్రమించి ఆ సమాచారాన్ని బయటికి తీయాల్సి వచ్చింది. తోలు కాగితం మీద రాసిన 1086 నాటి అసలు గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ తెరిచి చదవవచ్చు.

మీ పిల్లల మొదటి మాటల వీడియో, అమ్మమ్మ పాడిన లాలిపాట ఎక్కడున్నాయి? ఒక్క ఫోన్‌లోనేనా? కనీసం రెండు వేర్వేరు చోట్ల పెట్టండి, ఏడాదికోసారి తెరిచి చూడండి. ఆ పని పిల్లలకే అప్పగించండి. బ్యాకప్ అంటే ఏమిటో అంతకంటే బాగా చెప్పే పాఠం ఉండదు.

మరి లాప్‌టాప్ కొనాలా?

నలభై ఏళ్ల అనుభవం చెప్పేది ఇది. యంత్రం శక్తి రెండో విషయం. పిల్లలు దాంతో చూస్తున్నారా, తయారుచేస్తున్నారా అన్నది మొదటి విషయం. కొనే ముందు ఈ నాలుగు చూసుకోండి.

ఒకటి, ఇప్పటికే ఇంట్లో పాత కంప్యూటర్ ఉందా? స్క్రాచ్ లాంటివి ఉచితం, నేర్చుకోవడం మొదలుపెట్టడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. 2016లో బ్రిటన్‌లో పది లక్షల మంది వరకు పిల్లలకు ఉచితంగా ఇచ్చిన మైక్రోబిట్ అనే అరచేతి కంప్యూటర్‌లో మెమరీ 16 కేబీ మాత్రమే, బీబీసీ మైక్రో మోడల్ బిలో సగం. అది చేతిలో లేకపోయినా దాని ప్రోగ్రామ్‌లను బ్రౌజర్‌లో ఉచితంగా రాసి, తెరమీదే నడిపి చూడవచ్చు.

రెండు, ఎక్కడ పెడతారు? హాల్లో, అందరి కళ్లముందు, అందరికీ అందేలా ఉంటే మంచిది. తలుపు మూసిన గదిలో కాదు.

మూడు, పక్కన ఎవరు కూర్చుంటారు? మీకు కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. "ఇది ఎలా చేశావు? నాకు చెప్పు" అని అడగగలిగితే చాలు.

నాలుగు, కోడింగ్ క్లాసులో చేర్పిస్తే, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ కాదు, పిల్లవాడు సొంతంగా మార్చి చూపించగలిగే ఒక ప్రోగ్రామ్ అడగండి. "ఈ బొమ్మ రంగు మార్చి చూపించు నాన్నా" అంటే మార్చగలగాలి. మార్చలేకపోతే అది తను రాసింది కాదు.

ఈ నెల ఇంట్లో: మీరే తాబేలు

కావలసినవి: ఒక చాక్‌పీసు, వాకిలి లేదా మేడమీద కాస్త చోటు. కంప్యూటర్ అక్కర్లేదు.

మీరు తాబేలు. చాక్‌పీసు పట్టుకుని నిలబడండి. మీ బాబు లేదా పాప ఆజ్ఞలిస్తారు. మూడు మాటలే వాడాలి: ముందుకు ఇన్ని అడుగులు, కుడికి ఇన్ని డిగ్రీలు, ఎడమకు ఇన్ని డిగ్రీలు. మీరు చెప్పింది చెప్పినట్టే చేయండి. "నువ్వు అన్నది ఇదేగా" అని సొంతంగా సర్దుకోవద్దు. పిల్లవాడు ఎన్ని డిగ్రీలో చెప్పకుండా "కుడికి" అంటే కదలకుండా నిలబడండి.

1. మొదట చతురస్రం గీయించండి.
2. తర్వాత త్రిభుజం. పిల్లలు 60 అనే అవకాశం ఎక్కువ. 60 అంటే 60 తిరగండి. ఎందుకు కుదరలేదో వాళ్లనే కనుక్కోనివ్వండి, జవాబు చెప్పకండి.
3. షడ్భుజి అయ్యాక, నానమ్మనో అమ్మమ్మనో పిలిచి ఒక చిన్న గీతల ముగ్గు వేయించండి. దాన్ని తాబేలు ఆజ్ఞలుగా రాయమనండి. ఒకే ఆకారం పదేపదే వస్తుంటే "ఇది నాలుగుసార్లు" అని ఒక్క మాటలో రాయవచ్చని పిల్లలే గమనిస్తారు. ప్రోగ్రామింగ్‌లో దీన్ని లూప్ అంటారు.

రాసిన ఆజ్ఞల కాగితాన్ని, ముగ్గు ఫొటోను కంప్యూటర్ టీచర్‌కు పంపండి. వచ్చే నెల ల్యాబ్ పీరియడ్‌లో ఆ ముగ్గులను పిల్లలు తెరమీద గీస్తారు.